ఏ ముఖం పెట్టుకుని

రెసీఫెలో జూన్ వాన మొదలైతే ఆగదు.
గురువారాలు ప్రభుత్వాసుపత్రి మూడో అంతస్తులో
సూదులు సర్దడం నా పని.
సాయంత్రం ఆరు దాటాక
సముద్రం ఒడ్డున అద్దాల క్లినిక్‌లో
అవే సూదులు,
జీతం మాత్రం మూడింతలు.

అక్కడ దోనా జులేయిదె
నవ్వితే పడే గీతను గోటితో చూపించి
"ఇది నాది కాదు" అంటుంది.
ఎవరిదో మరి.
నలభై ఏళ్ల నవ్వులకు వడ్డీ కదమ్మా
అనబోయి, అద్దె గుర్తొచ్చి
దూది అందిస్తాను.

ఇక్కడ జెనివాల్దో.
వీధి దీపాలు బాగుచేసే మనిషి.
బతికించిన మాత్రలే ఆయన బుగ్గలు తినేశాయి.
నిచ్చెన మీద నిలబడితే
ఆ వెలుతురంతా వచ్చి
చెంపల గుంటల్లో నీడై కూర్చుంటుంది.
వైరస్ కనిపించనంతగా అణిగిందని
పరీక్ష కాగితం చెబుతుంది.
బస్సులో కాగితం ఎవరు చదువుతారు?
ముఖం చదువుతారు.
నిలబడ్డవాళ్లు నిలబడే ఉంటారు,
ఆయన పక్క సీటు ఖాళీగానే ఉంటుంది.

"డిసెంబర్లో మేనకోడలి పెళ్లి.
ఏ ముఖం పెట్టుకుని పోను?"

అందరూ మాటవరసకు అనే మాట.
ఆయన నిజంగానే అడిగాడు.
డాక్టర్ ఇరాసెమా కళ్లద్దాలు పైకి తోసుకుని
నిజంగానే జవాబు చెప్పింది.

"ఒకటి జెల్. నీళ్లను పట్టి ఉంచుతుంది.
ఇవాళ పెడితే ఇవాళే బుగ్గ.
నచ్చకపోతే కరిగించే మందుంది.
నచ్చినా ఏడాదికి తనే వెళ్లిపోతుంది.

ఇది ఎముకలో ఉండే సున్నం, మెత్తటి ముద్ద.
గట్టిగా నిలుస్తుంది.
నా చెయ్యి తప్పితే మాత్రం వెనక్కి తీసుకోలేను.

ఇదేమో పొడి. ఒంట్లోనే కలిసిపోయే కుట్టుదారం ఉంటుందే,
దానికి దాయాది.
గుంటను పూడ్చదు, నీ చర్మానికే పని చెబుతుంది.
పాలు తోడుకున్నట్టు, చప్పుడు లేకుండా.
నెలలు పడుతుంది.

పూసలూ ఉన్నాయి. కంటికి ఆననంత చిన్నవి. శాశ్వతం."

"నేను ముసలాణ్ణయితే?"

"చర్మం జారుతుంది. అవి ఉన్నచోటే ఉంటాయి."

చొక్కా ఎత్తి పొట్ట చూపించాడు.
"బుగ్గల్లోదంతా ఇక్కడికే బదిలీ అయింది, డాక్టర్.
ఇదే తీసి అక్కడ పెట్టరాదూ?"
ముగ్గురం నవ్వాం.
కోత కావాలంది ఆవిడ,
మళ్లీ కరగదని హామీ లేదంది.

అప్పుడు పర్సులోంచి ఫోటో తీశాడు.
ఎనభై తొమ్మిది, కార్నివాల్ రాత్రి.
నిండు బుగ్గలు, చెమట,
భుజం మీద ఎవరిదో చెయ్యి.
మణికట్టు దగ్గర కత్తెర పడింది.
మేం అడగలేదు.
"ఒతావియో" అన్నాడు తనే.
"మాత్రలు ఆర్నెల్లు ముందొచ్చుంటే..."
వాన కాసేపు మాట్లాడింది.

"ఆ పొడి ఎంతకాలం ఉంటుంది?"

"రెండేళ్లు. ఒక్కోసారి ఇంకొంచెం."

గుంటల బుగ్గలతోనే పెద్దగా నవ్వాడు.
"నాకూ అప్పట్లో అంతే చెప్పారు, డాక్టర్.
అదే ఇవ్వండి."

ముందురోజే సీసాలో నీళ్లు పోసి
కుదపకుండా వదిలేశాను.
సూది దిగేటప్పుడు ఆయన కళ్లు మూసుకోలేదు.
ఐదు రోజులు, రోజుకు ఐదుసార్లు, ఐదేసి నిమిషాలు
చెంపలు మర్దనా చెయ్యాలని చెప్పాను.
ఎవరైనా ఉన్నారా ఇంట్లో?
"రెండు చేతులున్నాయి" అన్నాడు.
మళ్లీ ఆగస్టులో వచ్చాడు, అక్టోబర్లో వచ్చాడు.

దోనా జులేయిదె మొన్న అడిగింది,
అన్నీ చూసిన దానివి, ఏది మంచిది చెప్పు అని.
దేనికి మంచిది అన్నాను.
నా వంక వింతగా చూసింది.

నవంబర్, రాత్రి బస్సు.
కిటికీ పక్కన జెనివాల్దో.
పక్క సీట్లో సిమెంటు కొట్టుకుపోయిన చొక్కాతో
బండగా ఓ కుర్రాడు
ఆయన భుజం మీద తల వాల్చి
నోరు తెరిచి నిద్రపోతున్నాడు.
చొంగ కారుతోంది.

ఆయన దిగాల్సిన స్టాప్ నాకు తెలుసు,
చిరునామా కార్డు మీద రాసింది నేనే.
అది వచ్చింది, తలుపు తెరుచుకుంది,
మూసుకుంది.
ఆయన కదల్లేదు.